టావర్లీ గేటు

మొన్న సంక్రాంతికి ఒంగోలు వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు తన ఫోను నా చేతిలో పెట్టి, "మామయ్యా, నేను అన్నం తిని వచ్చేదాకా ఇది ఆరిపోకుండా చూడు, చాలు" అన్నాడు. తెర మీద ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ నడుస్తోంది. దానంతట అదే నడుస్తోంది. కత్తి పట్టిన వీరుడు ఎవరూ చెప్పకుండానే పరిగెత్తుతున్నాడు, రాక్షసులను నరుకుతున్నాడు, కింద పడిన బంగారం ఏరుకుంటున్నాడు. చుట్టూ ముప్ఫైకి పైగా చిన్న చిన్న బొమ్మలు, సగానికి పైగా వాటి మూలల్లో ఎర్ర చుక్కలు. వాడు చేయి కడుక్కుని వచ్చి ఆ చుక్కలన్నిటినీ వరసగా నొక్కాడు.

"ఇవన్నీ ఏమిటిరా?" అని అడిగాను.

"రెక్కలకు ఒక లెవెల్, గుర్రానికి ఒక లెవెల్, కత్తిలో పొదిగే రాళ్ళకు ఒక లెవెల్. అన్నీ పెంచితే పవర్ పెరుగుతుంది."

"గుర్రానికీ ఆ రాళ్ళకూ సంబంధం ఏమిటి?"

వాడు కాసేపు ఆలోచించాడు. "సంబంధం ఏమీ లేదు మామయ్యా. అన్నీ కలిపితే పైన ఈ నంబరు వస్తుంది, అంతే."

వాడు నిజాయితీగానే చెప్పాడు. కానీ ఆ మాట నన్ను పండగ మూడు రోజులూ వదల్లేదు. వాడి వయసులో నేను ఆడిన ఆట కూడా ఉచితమే. అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని వస్తువును నేను చూసిన గుర్తు లేదు.

అది 2006. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మా పెద్దమ్మ కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కర్నూలు రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక సందులో, జిరాక్సు షాపు మేడ మీద నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, గంటకు 20 రూపాయలు. కంప్యూటర్లలో కొత్తగా ఏదీ ఎక్కించకూడదని గోడ మీద అట్టముక్క తగిలించి ఉండేది. అందువల్ల సీడీల్లో వచ్చే పెద్ద ఆటలేవీ అక్కడ కుదిరేవి కావు. బ్రౌజర్‌లో తెరుచుకునే ఆట కావాలి. అలా అన్నయ్యకు రూన్‌స్కేప్ దొరికింది.

ఇంగ్లండులో ఆండ్రూ గోవర్ అనే యువకుడు తన సోదరుడు పాల్‌తో కలిసి తయారుచేసిన ఈ ఆట 2001 జనవరి 4న మొదలైంది. అప్పట్లో జావా అనే సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా బ్రౌజర్ తెరిస్తే సరిపోయేది. మేము చేరేనాటికి 2004లో వచ్చిన రెండో రూపం నడుస్తోంది. బొమ్మలు మొరటుగా ఉండేవి. మనుషుల ముఖాలకు పెద్దగా కవళికలే లేవు. ఏం చేయాలన్నా మౌసుతో ఒక్క నొక్కు: చెట్టు మీద నొక్కితే చెట్టు నరుకుతాడు, ఆవు మీద నొక్కితే ఆవుతో తలపడతాడు. భుజాన ఉన్న సంచిలో 28 గళ్ళు, గడికి ఒక వస్తువు. ఆట చూడడానికి ఇంతే. పక్క కంప్యూటర్లో కార్ల రేసు ఆడే కుర్రాళ్ళు మా తెర వైపు చూసి, ఇందులో ఏముందని ఇంతింత సేపు కూర్చుంటారని అడిగేవారు.

ఏముందో మాకు మొదటి వారంలోనే తెలిసింది. లంబ్రిడ్జ్ కోటలో వంటవాడు ఒక పని అప్పగిస్తాడు. ప్రభువు పుట్టినరోజుకు కేకు చేయాలి; గుడ్డు, పాలు, గోధుమపిండి తెచ్చిపెట్టాలి. గుడ్డు కోళ్ళ దొడ్లో దొరుకుతుంది. పాలకు బకెట్టు పట్టుకుని ఆవు దగ్గరకు వెళ్ళాలి. పిండి సంగతే పెద్ద కథ. చేలో గోధుమలు కోసుకోవాలి, పక్కనున్న గాలిమర నిచ్చెన ఎక్కి పై అంతస్తులో తొట్టిలో పోయాలి, మీట లాగాలి, మళ్ళీ కిందికి దిగి కుండలో పిండి పట్టుకోవాలి. మొదటిసారి నేను కుండ తీసుకెళ్ళలేదు. పిండి కింద సిద్ధంగా ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేదు. మా వీధి చివర పిండిమరకు ఖాళీ డబ్బా లేకుండా వెళ్ళినట్టు నిలబడిపోయాను. అన్నయ్య నా పక్కన కూర్చుని చూస్తున్నాడు గాని ఏమీ చెప్పలేదు. "నువ్వే కనుక్కో" అన్నట్టు నవ్వాడు. ఆ రోజు మా గంట మొత్తం ఆ కేకుకే అయిపోయింది.

తర్వాత గనులు. రాగి, తగరం తవ్వి కొలిమిలో కలిపితే కంచు. ఇనుము ఒక్కదాన్నే కరిగిస్తే సగం సార్లు పాడైపోతుంది. ఇనుముకు రెండు బొగ్గు ముక్కలు చేరిస్తే ఉక్కు అవుతుంది. పైకి వెళ్ళేకొద్దీ బొగ్గు ఖర్చు పెరుగుతుంది: మిత్రిల్ అనే లోహపు కడ్డీకి నాలుగు, అడమంటైట్‌కు ఆరు, రూనైట్‌కు ఎనిమిది. ఇప్పుడు సంచిలోని 28 గళ్ళు గుర్తు తెచ్చుకోండి. రూనైట్ కడ్డీ ఒక్కటి చేయడానికి తొమ్మిది గళ్ళు పోతాయి. అంటే ఒక్క విడతలో మూడు కడ్డీలు, ఒక గడి ఖాళీ. ఆ లెక్కలన్నీ నేను కెమిస్ట్రీ నోటు పుస్తకం వెనక పేజీల్లో వేసేవాణ్ణి. ఏ గనికి ఏ బ్యాంకు దగ్గర, ఎంత దూరం నడవాలి, బొగ్గు తవ్వుకోవాలా కొనుక్కోవాలా, ఆ కొనే డబ్బు దేనితో సంపాదించాలి? నియమాలు చూస్తే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతాయి. వాటిని కలిపి ఆలోచించడం మొదలుపెడితే మాత్రం ఇంటికి వెళ్ళినా, అన్నం తింటున్నా అదే ధ్యాస.

పోరాటమూ అంతే. కత్తి విల్లును గెలుస్తుంది, విల్లు మంత్రాన్ని గెలుస్తుంది, మంత్రం కత్తిని గెలుస్తుంది. ఒక్క వాక్యంలో అయిపోయింది. కానీ మంత్రానికి రూన్ రాళ్ళు కావాలి, బాణాలకు ఇనుము కావాలి, కత్తి పట్టినవాడికి తినడానికి చేపలు కావాలి. ఎవరు ఏం చేసినా దానికి ఇంకొకరి చేతిలో ఏదో ఉండాలి.

చేపల దగ్గర కొంచెం ఆగుతాను. నాకు ఆ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు కరంజా దీవి. పోర్ట్ సారిమ్ రేవులో 30 నాణేలు ఇస్తే ఓడలో తీసుకెళ్తారు. చేపలు పట్టడంలో 40వ లెవెల్ వచ్చాక అక్కడ లాబ్‌స్టర్లు పట్టుకోవచ్చు. సంచిలో బోను ఒక గడి, తిరుగు ప్రయాణపు నాణేలు ఒక గడి, మిగిలిన 26 గళ్ళలో లాబ్‌స్టర్లు. ఉచితంగా ఆడేవాళ్ళకు ఆ దీవిలో బ్యాంకు లేదు. పట్టిన ప్రతి సంచినీ మళ్ళీ ఓడెక్కించి, దిగాక డ్రేనార్ ఊళ్ళోని బ్యాంకు దాకా నడిచి దాచుకునేవాణ్ణి.

ఒకసారి నేను తిరుగు ప్రయాణానికి డబ్బు ఉంచుకోకుండా వెళ్ళాను. సంచి నిండా చేపలు, చేతిలో ఒక్క నాణెం లేదు. గంట అయిపోవడానికి పది నిమిషాలు ఉంది. ఓడవాడిని ఎంత అడిగినా ఎక్కించుకోడు. ఏం చేయాలో తెలియక దీవి అంతా తిరుగుతుంటే అరటితోట యజమాని కనబడ్డాడు. పెట్టె నిండా పది అరటిపండ్లు కోసి వేస్తే కూలి ఇస్తానన్నాడు. కోసి వేశాను. ఎంత ఇచ్చాడో తెలుసా? సరిగ్గా 30 నాణేలు. ఓడ కిరాయి ఎంతో అంత! ఈ దీవికి వచ్చి డబ్బు లేక చిక్కుకుపోయేవాడు ఒకడు ఉంటాడని, వాడికి దానం చేయకుండా పని ఇవ్వాలని, ఆ పనికి కూలి ఇంత ఉండాలని ఎవరో ఎక్కడో కూర్చుని ఆలోచించారు. ఆ రోజు నాకు ఆట తయారుచేసినవాళ్ళ మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. ఇప్పటి ఆటల్లో అయితే డబ్బు లేనప్పుడు కొనుక్కోమని ఒక బొమ్మ తెర మీదికి వస్తుంది.

విసుగు లేదని చెప్పను. ఏ పనిలోనైనా 99వ లెవెల్ చేరాలంటే 1,30,34,431 పాయింట్లు కావాలి. 92వ లెవెల్ చేరితే దాదాపు సగం దారి వచ్చినట్టు. నేను గని తవ్వడంలో 71 దాటలేదు. ఒకే బండ మీద ఒకే గునపం వందలసార్లు పడుతుంటే ఎవరికైనా చేయి నొప్పి పుడుతుంది. కానీ ఆ విసుగులోనే మాటలు పుట్టేవి. బండ చుట్టూ అయిదుగురు నిలబడి తవ్వుతుంటారు. ఒకడు బ్రెజిల్, ఒకడు కెనడా, ఒకడు ఎక్కడివాడో చెప్పడు. మనుషుల తలల మీద పసుపు అక్షరాలు లేచి మాయమవుతుంటాయి. నా ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకన్నా ఆ గనుల్లోనే బాగుపడిందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. చేయడానికి పని తక్కువగా ఉంది కాబట్టే మాట్లాడుకోవడానికి తీరిక దొరికింది.

ఇంకొక సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ ఆట లోపలి గడియారం 0.6 సెకన్లకు ఒకసారి మాత్రమే కొట్టుకుంటుంది. నడక, దెబ్బ, తినడం, ప్రార్థన అన్నీ ఆ తాళానికే జరుగుతాయి. సర్వర్లు సముద్రాల అవతల ఉన్నా, ఆరు కంప్యూటర్లు ఒకే సన్నని లైను పంచుకుంటున్నా, ఒంగోలులో కూర్చుని మేము ఆడగలగడానికి ఆ నిదానం ఒక కారణం. వేలి వేగంతో గెలిచే ఆట అయితే మాకు అందులో చోటు ఉండేది కాదు. విచిత్రమేమిటంటే, ఆ నిదానమైన తాళాన్నే పట్టుకుని ఆటగాళ్ళు ఒక విద్యను కనిపెట్టారు. ప్రార్థన అంటే పోరాటంలో సాయపడే వరం; వెలిగి ఉన్నంతసేపూ పుణ్యం పాయింట్లు తరుగుతుంటాయి. దాన్ని సరిగ్గా తాళానికి వెలిగించి ఆర్పితే పుణ్యం ఖర్చు కాకుండానే ఫలితం దక్కుతుంది. సాధన చేసినవాళ్ళు దెబ్బ దెబ్బకూ అలా చేస్తారు. తయారుచేసినవాళ్ళు రాసిన నియమం ఒక్కటే. దాని లోతు తవ్వింది ఆడినవాళ్ళు.

ఉచితంగా ఆడేవాళ్ళకు గని తవ్వడం, చేపలు పట్టడం లాంటి 15 విద్యలు, చిన్న రాజ్యం ఇచ్చారు. మిగతాది డబ్బు కట్టే మెంబర్లది. అప్పట్లో నెలకు 5 డాలర్లు, అంటే 200 పైచిలుకు రూపాయలు. డబ్బు సంగతి అటుంచి, కట్టడానికి మా ఇంట్లో ఎవరికీ క్రెడిట్ కార్డు లేదు. ఫాలడార్ నగరం పడమటి గోడ దాటి కొంచెం నడిస్తే టావర్లీ గేటు వచ్చేది. దాని మీద నొక్కితే, ఇది మెంబర్ల లోకంలోనే తెరుచుకుంటుందని ఒక వాక్యం. లోకమంటే అదే రాజ్యం విడిగా నడిచే ఒక సర్వరు. కమ్మీల అవతల దారి, చెట్లు, ఇంకా పడమటగా కొండలు కనిపించేవి. నేను చాలా సాయంత్రాలు గంటలో చివరి అయిదు నిమిషాలు ఆ గేటు దగ్గర నిలబడి లాగవుట్ చేసేవాణ్ణి. మర్నాడు ఆట అక్కడే మొదలవుతుంది కదా.

2007 ఆగస్టులో అన్నయ్య ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళాడు. ఫోను చేయాలంటే ఖర్చు, పైగా పెద్దమ్మ, పెదనాన్న మాట్లాడాక నా వంతు వచ్చేసరికి కార్డులో నిమిషాలు అయిపోయేవి. ఆటలో మాత్రం దొరికేవాడు. అతనికి అక్కడ బ్యాంకు కార్డు ఇచ్చారు. రెండో నెలలో మెంబరయ్యాడు.

ఆ రోజు బాగా గుర్తుంది. అన్నయ్య మెంబర్ల లోకంలో, నేను ఉచిత లోకంలో. ఒకే గేటు, రెండు వేర్వేరు లోకాల్లో. నేను మూసిన గేటు ముందు నిలబడ్డాను, అతను తెరిచిన గేటు దాటాడు. ఒకరికొకరం కనిపించం, స్నేహితుల జాబితాలోంచి పంపే సందేశాలు మాత్రం లోకాలు దాటి వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్ళం.

"ఏముంది అవతల?" అని అడిగాను.

"ఊరు. పెద్ద ఊరేమీ కాదు. నడుస్తున్నా, ఉండు."

పది నిమిషాల తర్వాత: "ఇక్కడ వ్యవసాయం కూడా నేర్చుకోవచ్చు. విత్తనం వేసి, ఎరువు వేసి వదిలేస్తే మనం ఆటలో లేకపోయినా మొక్క పెరుగుతుంది. తెగులు కూడా పడుతుందట. తాతయ్యకు చెప్పకు, నవ్వుతాడు."

ఇంకో రోజు: "అవిసె చేను దొరికింది. ఎవరైనా కోసుకోవచ్చు. కోసి, రాట్నం మీద వడికితే వింటినారి అవుతుంది. విల్లు చేసేవాళ్ళు ఎగబడి కొంటున్నారు. ఊళ్ళో సగం మంది ఈ చేలోనే ఉన్నారు."

అలా నాలుగైదు నెలలు అతను చెప్పాడు, నేను విన్నాను. నేను చూడని ఆ సగం రాజ్యాన్ని ఆ సందేశాల్లోనే కట్టుకున్నాను. తర్వాత అతనికి లైబ్రరీలో ఉద్యోగం, చదువు, నిద్రలేమి. జాబితాలో అతని పేరు వెలగడం తగ్గింది. ఇంటర్ పరీక్షలు వచ్చి నేనూ ఆపేశాను.

ఆ తర్వాత ఆటకు జరిగింది దూరం నుంచే విన్నాను. 2007 నవంబరులో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ వచ్చింది. వస్తువు పెట్టి ధర చెప్పి వెళ్ళిపోతే అదే అమ్ముడవుతుంది. సౌకర్యమే, కాదనను. కానీ వారాక్ నగరంలో బ్యాంకు ముందు గొంతు చించుకుని బేరాలాడే ఆ సంత దాంతో పలచబడింది. 2012 నవంబరులో పోరాటాన్ని పూర్తిగా మార్చారు. ఒక నొక్కు బదులు వరసగా నైపుణ్యాల పట్టీ, ఒక్కొక్కదానికి సమయం, క్రమం. లోతు పెంచాలన్నదే ఉద్దేశం. కొత్త పద్ధతి నచ్చినవాళ్ళూ ఉన్నారు. నచ్చని పాతవాళ్ళు ఎంతమందంటే, 2007 ఆగస్టు నాటి ఆటను మళ్ళీ తెరవాలా అని ఓటింగు పెడితే దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మొదలైంది. 2007 ఆగస్టు! అన్నయ్య విమానం ఎక్కిన నెల. ఆ నెలనే తిరిగి తెరిచారని చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ ఆటలో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. కొత్తగా ఏది చేర్చాలన్నా ఆటగాళ్ళను అడిగేవారు. నూటికి 75 మంది సరేనంటేనే చేర్చేవారు. ఎంత పెరగాలో, ఎక్కడ ఆగాలో అందులో బతికేవాళ్ళు తేల్చుకోవడం నాకు చాలా న్యాయంగా తోచింది.

2018 అక్టోబరులో అది ఫోనుకు కూడా వచ్చింది. అప్పటికి నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. కొత్త పేరుతో మొదలుపెట్టి, కేకు చేసి, కరంజాకు వెళ్ళి, ఈసారి నాణేలు జాగ్రత్తగా పెట్టుకుని, నాలుగు నెలలు ఉచితంగానే ఆడాను. ఉచిత రాజ్యం నాకు చిన్నదిగా అనిపించలేదు. ఆ నాలుగు నెలలూ కావాలనే ఆగాను. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం నా కార్డుతో నెల రోజులకు డబ్బు కట్టి, ఫాలడార్ నుంచి పడమటికి నడిచాను. గేటు తెరుచుకుంది.

అవతల అప్పటికి మొత్తం 23 విద్యలు, కొత్త ఊళ్ళు, నేను పేర్లు మాత్రమే విన్న రేవులు. ఇంత విశాలమైన చోట అన్నీ విడివిడిగా పడి ఉంటాయేమోనని భయపడ్డాను. అలా లేవు. చేలో కోసిన అవిసె రాట్నానికి, రాట్నం మీది నారి విల్లుకు, విల్లు బాణానికి, ఆ బాణం నా గనిలోని ఇనుముకు దారి తీశాయి. మా మేనల్లుడు చెప్పిన మాట విన్నాక ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ తలచుకున్నాను. సంక్రాంతి మర్నాడు వాడిచేత కూడా ఈ ఆట మొదలుపెట్టించాను. మర ఎక్కి గోధుమలు పోసి కిందికి దిగాడు, కుండ లేదని తెలిసి నా వైపు చూశాడు. నేను చెప్పలేదు. వాడు ఫోను పక్కన పెట్టి గాలిపటం ఎగరేయడానికి వెళ్ళిపోయాడు. మళ్ళీ తెరిచాడో లేదో తెలియదు.

ఆ ఆదివారం నేను చీకటి పడేదాకా నడిచి అవిసె చేను చేరుకున్నాను. అన్నయ్య చెప్పినంత జనం లేరు. ముగ్గురో నలుగురో వంగి కోస్తున్నారు. నేనూ 28 గళ్ళు నిండేదాకా కోశాను. వడకడానికి రాట్నం ఎక్కడుందో కనబడలేదు. అన్నయ్య ఆట మానేసి అప్పటికి పదేళ్ళు దాటింది. ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు, ఎప్పుడూ మీటింగులు. అయినా వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపాను: "అవిసె చేలో ఉన్నాను."

అక్కడ ఉదయం ఏడు అయి ఉంటుంది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"ఉత్తరానికి నడు, బ్యాంకు వస్తుంది. దానికి కొంచెం దక్షిణాన ఒక ఇల్లు ఉంటుంది చూడు. రాట్నం కింద లేదు, నిచ్చెన ఎక్కు."